తొమ్మిదిసార్లు ‘ఏమీ లేదు’

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల యాభై రెండు నిమిషాలకు తబితా కంప్యూటర్ స్క్రీన్ నల్లబడింది. హెడ్‌ఫోన్‌లో జట్టువాళ్ల గొంతులు మరో రెండు సెకన్లు వినిపించి ఆగిపోయాయి. క్యాబినెట్‌లో ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఆమె పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపింది, మళ్లీ ఆన్ చేసింది. ఆటలోకి తిరిగి వెళ్లేసరికి ఆరు నిమిషాలు పట్టింది. అప్పటికి సెమీఫైనల్ అయిపోయింది. మిగిలిన నలుగురు ఆడి గెలిచారు.

ఫోన్ మోగింది. కల్లూరు నుంచి శ్రీదేవి. జట్టు కెప్టెన్.

“మళ్లీ పడిందా?”

“పడ్డది.”

“ఇది ఎన్నోసారే?”

“తొమ్మిది.”

“నలుగురం గెలిచాం కాబట్టి సరిపోయింది. ఫైనల్లో అవతల ఎవరో తెలుసుగా. ఒకళ్లు తక్కువైతే మనల్ని నమిలి ఊస్తారు.”

“తెల్సు.”

“శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా పేర్లు పంపాలి. అప్పటికి నీ డబ్బా నిలబడకపోతే నీ పేరు తీసేసి జెస్సికా పేరు రాస్తా. తిట్టుకుంటే తిట్టుకో.”

“రాయి. నీ జాగల నేనున్నా గదే జేస్త.”

కంప్యూటర్లో ఆడే తుపాకుల ఆటకు రాష్ట్రస్థాయి మహిళల లీగ్ అది. ఒక్కో జట్టుకు ఐదుగురు, అవసరమైతే దిగడానికి ఒక అదనపు మనిషి; ఈ జట్టుకు జెస్సికా. ఎవరి ఇంటి నుంచి వాళ్లు, నమోదు చేసిన కంప్యూటర్ మీద, నమోదు చేసిన ఇంటర్నెట్ కనెక్షన్‌తో ఆడాలన్నది నిబంధన. రెండేళ్ల క్రితం ఈ జట్టును కూర్చింది తబితానే. ఊళ్లు వేరు, ఇళ్లు వేరు. ఒక్కొక్కరినీ ఫోన్లో పట్టుకుని ఒప్పించింది. దూరం నుంచి గురిపెట్టి కొట్టే పని ఆమెది. ఫైనల్ శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు. తను కట్టిన జట్టు ఫైనల్ ఆడుతుంటే తను పక్కన కూర్చుని చూడాల్సి వస్తుందేమోనన్నది ఆమె భయం.

శ్రీదేవి ఫోన్ పెట్టేశాక తబితా డ్రాయర్‌లోంచి నోట్‌బుక్ తీసింది.

ఆ నోట్‌బుక్ అలవాటు తండ్రి నుంచి వచ్చింది. జకర్యా ఆరో ఇంక్లైన్ భూగర్భ గనిలో ఇరవై ఏడేళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ఆ కర్రను గనిలో ప్రాప్ అంటారు. షిఫ్టు దిగేముందు పుస్తకంలో రాయాలి: ఎక్కడ, ఎప్పుడు, అంతకుముందు ఏం జరిగింది, మనం ఏం చేశాం. ఇంట్లో మిక్సీ చెడినా, బోరు మోటారు కాలినా జకర్యా అదే పద్ధతిలో రాస్తాడు. తబితా కూడా నాలుగు గళ్లు గీసుకుంది.

నాలుగో గడి, అంటే ‘ఏం చేశాను’ అన్నది, నిండిపోయింది. తెర మీదికి బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డును నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను సేఫ్ మోడ్‌లో పూర్తిగా తీసేసి మళ్లీ వేసింది. పడింది. పాత డ్రైవర్ వేసింది. పడింది. ఆటలో బొమ్మ నాణ్యతను అడుగుకు దించింది. పడింది. విండోస్ కొత్తగా ఎక్కించింది. ర్యామ్ పరీక్షించింది, బాగానే ఉంది. తొమ్మిదింటిలో ఏడుసార్లు మధ్యాహ్నం రెండున్నరకూ మూడుంబావుకూ మధ్య పడటం చూసి, ఇది ఏప్రిల్ ఎండ పని అనుకుంది. క్యాబినెట్ పక్క అద్దం తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టింది. కార్డు అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉండగానే పడింది. వోల్టేజీ అనుకుని యూపీఎస్ పెట్టింది. దాంతోనూ పడింది.

మార్చి మొదట్లో కొత్త కార్డు బిగించినప్పటి నుంచే ఇదంతా. మూడు ఫ్యాన్లున్న కార్డు, కిలోన్నర బరువు. లోపం కార్డులోనే ఉందనుకుని పోయిన నెల క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఖమ్మం తీసుకెళ్లింది. కంప్యూటర్లు బాగుచేసే జయప్రకాశ్ మూడు రోజులు ఉంచుకున్నాడు. రోజుకు పది గంటలు నడిపాడు. ఒక్కసారీ పడలేదు. “దీనికేం రోగం లేదమ్మా. మీ ఇంట్లోనే ఏదో ఉంది,” అని ఇచ్చి పంపాడు. ఇంటికొచ్చిన రెండో రోజు మధ్యాహ్నం పడింది.

మూడో గడి, ‘అంతకుముందు ఏం జరిగింది’ అన్నదాంట్లో, తొమ్మిదిసార్లూ ఒకే మాట ఉంది. ఏమీ లేదు.

ఆమె ఆ పేజీ ఫొటో తీసి జట్టు గ్రూపులో పెట్టింది. ఎవరికైనా ఏమైనా తడుతుందేమోనని.

మంగళవారం డ్రైవర్ మూడోసారి మార్చింది. తల్లి సంపూర్ణ మహిళా ప్రార్థనలో చెప్పి వచ్చింది.

“ఏమని చెప్పినవమ్మా?”

“తబితా కంప్యూటర్‌కు స్వస్థత కావాలని.”

“ఏమన్నరు?”

“అందరు ఆమెన్ అన్నరు. ఒకామె మాత్రం వైరసా అనడిగింది. టైఫాయిడ్ గాదులే అన్న.”

బుధవారం పదకొండింటికి లాలి ఫోన్ చేసింది. లాలిది తిరుమలాయపాలెం మండలంలో తండా. జట్టు ఆడే ప్రతి ఆటనూ మాటలతో సహా రికార్డు చేసి దాచేది ఆమే; తప్పులు వెతకడానికి పనికొస్తుందని.

“తబితా, మీ ఇంట్ల ఆ చప్పుడేందే?”

“ఏ చప్పుడు?”

“నువ్వు పొయ్యే ముందల వస్తది. నీ మైకుల. మొదలు సైరన్ లెక్క మోగుతది, కొంచెం సేపటికి ధన్‌మంటది. మూడు లెక్కబెట్టేలోపు నువ్వు మాయం. నా దగ్గర ఆరు రికార్డింగులున్నయి. ఆరిట్ల ఉంది. ఇల్లేమన్న కూలుతున్నదా?”

తబితా ఆలోచించింది. మధ్యాహ్నం పూట ఇంట్లో అలాంటి చప్పుడేదీ ఆమెకు గుర్తు రాలేదు. కాసేపటికి గుర్తొచ్చింది.

“అది బ్లాస్టింగే. ఓపెన్‌కాస్ట్‌ల. రోజూ ఉంటది.”

“రోజూ బాంబులు పేలుతుంటె పుస్తకంల ‘ఏమీ లేదు’ అని రాసినవా?”

“మాకది చప్పుడు గాదే.”

“నువ్వు మనిషివేనా?”

తబితావాళ్లుండే ఆరో నంబర్ కాలనీకి, నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గని కిలోమీటరున్నర దూరం. ఆదివారం తప్ప అన్ని రోజులూ రెండున్నరకూ మూడుంబావుకూ మధ్య సైరన్ మోగుతుంది. కొన్ని నిమిషాలకు రాతిని పేలుస్తారు. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుతాయి. కాలనీలో పుట్టిన పిల్లలు ఆ చప్పుడుకు నిద్రలేవరు. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లే ఉలిక్కిపడి లేస్తారు. వాళ్లను చూసి కాలనీవాళ్లు నవ్వుతారు. తబితా ఆ ఇంట్లో ఇరవై నాలుగేళ్లుగా ఉంటోంది.

ఆమె నోట్‌బుక్ పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. జకర్యా చింతపండు గింజలు తీస్తున్నాడు. లాలి చెప్పింది విని, చేతులు తుడుచుకుని, పుస్తకం తీసుకున్నాడు. మూడో గడి దగ్గర ఆగాడు.

“నా బిడ్డవయ్యుండి గిట్ల రాస్తవా?”

“నువ్వయితే ఏం రాస్తువు?”

జకర్యా ఆ గడి మీద వేలు పెట్టాడు. “నేను గూడ గదే రాస్తును,” అన్నాడు. “సరే గని, ఏడు మధ్యాహ్నం పడ్డయి. ఈ రెండేంది? ఆదివారం నాలుగింటికి ఒకటి, ఇంకోటి పొద్దున ఎనిమిదిన్నరకు. అప్పుడు బ్లాస్టింగుండదు.”

“అదే తెలుస్తలేదు డాడీ.”

“ఖమ్మంల ఒక్కసారి గూడ పడలేదన్నవు. ఆడ దీన్ని ఎట్ల పెట్టిండు?”

తబితా జయప్రకాశ్‌కు ఫోన్ చేసింది. అతను గుర్తు చేసుకుని చెప్పాడు. బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, అద్దం తీసి నడిపాడట. రిపేరుకు వచ్చిన ప్రతిదాన్నీ అలాగే పెడతాడట.

“పండుకుంటె నడుస్తది, నిలబడితే పడ్తది,” అన్నాడు జకర్యా. “టార్చి పట్టుకరా.”

అతను కంప్యూటర్ లోపల చూడటం అదే మొదటిసారి. తబితా కరెంటు తీసి, అద్దం విప్పింది. కార్డు క్యాబినెట్ మధ్యలో అడ్డంగా ఉంది. ఒక చివర వెనక రేకుకు మరలతో బిగించి ఉంది. లోపలి అంచు మదర్‌బోర్డు మీది సందులో దిగి ఉంది. రెండో చివర దేనికీ ఆనలేదు. జకర్యా టార్చి పక్క నుంచి వేసి ఒక కన్ను మూసి చూశాడు.

“ఇది కిందికొస్తున్నది,” అన్నాడు.

“ఏది?”

“నీ రూఫు.”

స్టీలు స్కేలు తెప్పించుకుని క్యాబినెట్ అడుగు నుంచి కార్డు కిందివైపుకు కొలిచాడు. మరల దగ్గర నూటనలభై రెండు మిల్లీమీటర్లు. వదిలేసిన చివర నూటముప్పై ఆరు. గనిలో ప్రతి షిఫ్టులోనూ చేసిన పనే అది: పైకప్పు ఎంత దిగిందో కొలవడం. ఆరు మిల్లీమీటర్లు దిగితే అక్కడ మనిషిని నిలబడనివ్వరు.

“ఒక దిక్కు పట్టుకుని ఇంకో దిక్కు ఇడిచిపెడితే ఏదైనా వంగుతది. వంగి, ఆ సందుల పట్టు సగమే ఉన్నది. మామూలుగ నడుస్తది. భూమి కదిలితే ఆ సగం గూడ ఇడుస్తది.”

“మరి ఆదివారం?”

జకర్యా వంటగది వైపు తిరిగాడు. “సంపూర్ణా! మొన్న ఆదివారం నాలుగింటికి ఏం జేస్తున్నవ్?”

“చర్చి నుంచి వచ్చినంక అన్నం తిని పడుకున్న. లేసి ఆవకాయకు ఆవాలు దంచిన. ఎందుకు, ఏం పోయింది?”

రోలు పక్క గదిలో ఉంది. రెండు గదులకూ ఒకే గచ్చు.

“ఆ ఇంకోటి, పొద్దుగాల ఎనిమిదిన్నరకు?”

“మిరపకాయలు దంచుండొచ్చు. నాకేం తెల్సు, నేనేమన్న మీ లెక్క పుస్తకం రాస్తనా?”

గురువారం పొద్దున ముగ్గురూ కలిసి పరీక్ష పెట్టారు. తబితా ఆట తెరిచి కూర్చుంది. జకర్యా రెండు గదుల మధ్య గడపలో నిలబడ్డాడు. సంపూర్ణ రోకలి పట్టుకుంది.

“దంచు,” అన్నాడు జకర్యా.

“ఉత్త రోట్ల దంచితే రోకలి చెడిపోతది. ఏదన్న వెయ్యనీ.”

“వెయ్యవే, ఏదో ఒకటి.”

ఆమె రెండు గుప్పెళ్ల ఎండుమిరపకాయలు వేసింది. దంచడం మొదలుపెట్టింది. నాలుగో పోటుకు జకర్యా తుమ్మాడు. పదకొండో పోటుకు స్క్రీన్ నల్లబడింది.

“పడ్డది!” తబితా కుర్చీలోంచి లేచి అరిచింది. “అమ్మా, పడ్డది!”

సంపూర్ణ రోకలి వదిలేసింది. “నేనేం జెయ్యలేదు! మీ నాయినే దంచుమన్నడు!”

“మంచిగ జేసినవే. ఇంకోసారి దంచు.”

రెండోసారి ఏడో పోటుకు పడింది. మార్చి నుంచి ఆ ఇంట్లో స్క్రీన్ నల్లబడినందుకు ఎవరైనా నవ్వడం అదే మొదలు. రోగం ఏమిటో తెలిసింది. పిలిస్తే వస్తోంది కూడా.

“అయితే నేను గూడ పడుకోబెట్టే ఆడుత,” అంది తబితా. “ఖమ్మంల నడిచింది గద.”

“బల్ల మీద జాగుందా?”

బల్ల కుట్టుమిషన్‌ది. క్యాబినెట్ పడుకుంటే మానిటర్‌కు చోటుండదు. కింద పెడితే బొగ్గు దుమ్ము.

“జాగున్నా గట్ల జెయ్యొద్దు,” అన్నాడు జకర్యా. “రూఫ్ కిందికొస్తున్నదని మనిషి పండుకుని బొగ్గు తీస్తడా? ప్రాప్ పెడతడు.”

ఇంటి వెనక గోడకు సంపూర్ణ పాత రోకలి ఆనించి ఉంది. నిరుడు చీలిపోతే పక్కన పడేసింది. చండ్ర కర్ర. జకర్యా రంపంతో చీలిక లేని చోట ఒక ముక్క కోశాడు. చాకుతో చెక్కి బొటనవేలంత లావుకు తెచ్చాడు. గనిలో ప్రాప్‌కూ పైకప్పుకూ మధ్య ఒక చెక్క పలక పెడతారు. బరువు ఒక్కచోట పడకుండా పలక పంచుతుంది. ఇక్కడ పలక కోసం తెగిన హవాయి చెప్పు నుంచి రెండు రూపాయల బిళ్లంత ముక్క కోశాడు.

“రబ్బరెందుకు డాడీ?”

“అదురు మింగుతది. గనిల ఇది లేకుండె. ఉంటే పెట్టేటోళ్లమే.”

ఈలోపు తబితా కార్డును పూర్తిగా బయటికి తీసింది. సందులో దిగే అంచు మీది బంగారు రంగు కాళ్లను రబ్బరుతో రుద్ది, బట్టతో తుడిచింది. సందులో బ్రష్‌తో దుమ్ము తీసింది. కార్డును మళ్లీ దించి, టక్‌మనే దాకా నొక్కింది. మరలు బిగించింది. కర్ర ఎక్కడ పెట్టాలో ఆమే చూపించింది: ఫ్యాన్ రెక్కలకు తగలకూడదు, చిప్పుల మీద ఆనకూడదు, చివర ఉన్న లోహపు అంచు కిందే రావాలి.

మొదటి కోతలో కర్ర రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. తబితా గట్టిగా తొయ్యబోయింది. జకర్యా చెయ్యి పట్టుకున్నాడు.

“ఎక్కువ బిగిస్తే రూఫే పగులుతది. తక్కువైతే ప్రాప్ ఉన్నా లేనట్టే. వేలుతోటి తోస్తె పోవాలె, మొట్టికాయేస్తె పడొద్దు.”

గరుకు కాగితం మీద రుద్దాడు. పెట్టి చూశాడు. తీసి మళ్లీ రుద్దాడు. అయిదోసారికి కర్ర కార్డు కింద నిలబడింది. గోరుతో మెల్లగా కొట్టి చెవి పెట్టాడు. స్కేలు పెట్టాడు. మరల దగ్గర నూటనలభై రెండు. ఈ చివర నూటనలభై రెండు.

“ఇగ దంచు,” అన్నాడు.

సంపూర్ణ దంచింది. యాభై పోట్లు. వంద పోట్లు. తబితా ఆట ఆడుతూనే ఉంది. నూటఅరవై దగ్గర సంపూర్ణ ఆగింది.

“నా చేతులు పడిపోతున్నయి. ఇది పడేటట్టు లేదు.”

కారం మెత్తగా అయింది. జల్లెడ అక్కర్లేకపోయింది.

కానీ రోకలి వేరు, గని వేరు. శుక్రవారం రెండింటి నుంచి ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తబితా హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంది. రెండు ముప్పై ఆరుకు సైరన్ మోగింది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆమె విన్నది అదే మొదటిసారి. రెండు నలభై ఒకటికి నేల కదిలింది. గూట్లో గ్లాసులు మోగాయి. స్క్రీన్ మీద ఆమె తుపాకీ గురి ఉన్నచోటే ఉంది.

గ్రూపులో వీడియో పెట్టింది.

“ఒక్కరోజు నిలబడితే సరిపోద్దా?” అని శ్రీదేవి రాసింది.

“రోకలి టెస్టు గూడ పాసయ్యింది,” అని లాలి రాసింది. “మనలో ఎవరి కంప్యూటర్ పాసయ్యింది?”

జెస్సికా ఖమ్మం నుంచి ఒకే వాక్యం పంపింది. “తబితక్కనే పెట్టండి, నేను గట్టిగా అరుస్తా, అది నాకు బాగా వచ్చు.”

అయిదు యాభైకి శ్రీదేవి పేర్లు పంపింది. మూడో పేరు తబితాది.

శనివారం ఫైనల్ మూడు ఆటలు. మొదటిది ఓడారు. రెండోది గెలిచారు. మూడోదానిలో ముందు పదమూడు రౌండ్లు గెలిచిన జట్టుకు కప్పు. పన్నెండు పన్నెండు దగ్గర స్కోరు నిలిచింది. ఆఖరి రౌండ్.

రెండు నలభై నాలుగుకు సైరన్ మోగింది.

“మీ ఊరిదేనా అది?” శ్రీదేవి గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించింది.

“మాదే.”

“ఓరి దేవుడో.”

“నువ్వు ముందుకు చూడు. ఎడమ దిక్కు ఒకతుంది.”

శ్రీదేవి ఎడమవైపు వెళ్లి, ఒకరిని కొట్టి, తనూ పోయింది. మిగిలినవాళ్లు ఇద్దరిని కొట్టి పోయారు. లాలి గేటు దగ్గర పడిపోతూ చెప్పింది: “ఇద్దరున్నరే. ఒకతి మెట్ల మీద, ఒకతి కిటికీల. నువ్వొక్కదానివే.”

తబితా మెట్ల వైపు గురిపెట్టి ఆగింది. గడియారంలో ఇరవై రెండు సెకన్లు మిగిలాయి. మెట్ల మీద తల కనిపించింది. కొట్టింది. ఒకరు.

అప్పుడు నేల కదిలింది. అది ముందురోజు కంటే పెద్ద పేలుడు. గూట్లోంచి ఒక గ్లాసు గచ్చు మీద పడి దొర్లింది. బల్ల అదిరింది. దాంతోపాటు మౌస్ కూడా జరిగింది. గురి కిటికీ నుంచి గోడ మీదికి జరిగింది. ఆమె ఊపిరి పట్టింది. ఒకటి. రెండు. మూడు.

స్క్రీన్ వెలుగుతూనే ఉంది.

గురిని మళ్లీ కిటికీ మీదికి తెచ్చింది. కిటికీలో భుజం కనిపించింది. కొట్టింది.

హెడ్‌ఫోన్‌లో నలుగురు ఒకేసారి అరిచారు. జెస్సికా చెప్పినట్టే అందరికంటే గట్టిగా అరిచింది. ఆమె ఆటలో లేదు, ఫోన్లోంచి జట్టు మాటల్లో కలిసింది. శ్రీదేవి “గెలిచామే, గెలిచామే” అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. తబితా హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగింది.

“గెలిచినం డాడీ!”

జకర్యా ఆట చూడటం లేదు. సైరన్ మోగినప్పటి నుంచి క్యాబినెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అద్దంలోంచి లోపలికి టార్చి వేసి ఉన్నాడు.

“ప్రాప్ కదల్లే,” అన్నాడు. “ఇసుమంత గూడ కదల్లే. అంత పెద్ద షాట్‌కు!”

“గెలిచినమంటున్న! స్టేట్ ఫస్ట్!”

“అవ్, విన్న. గెలవకేం జేస్తవు, రూఫ్ సక్కగున్నంక?” అతను లేవబోయి, మోకాలు పట్టేసి, బల్ల పట్టుకున్నాడు. కూతురు చెయ్యి అందించింది. లేచాక ఆ చెయ్యి వదల్లేదు.

గడపలో సంపూర్ణ కళ్లు తుడుచుకుంటోంది. “స్వస్థత అయిందని రేపు చర్చిల సాక్ష్యం చెప్త,” అంది.

“ఎట్లయిందని చెప్తవ్?” అన్నాడు జకర్యా.

“నా రోకలితోటి అయిందని.”

పక్కింటి నుంచి ఎవరో ఆ అరుపులేమిటని అడిగారు. బ్లాస్టింగ్ గురించి ఎవరూ అడగలేదు.

తబితా నోట్‌బుక్ తీసి పదో వరుస రాసింది. తేదీ వేసింది. సమయం దగ్గర రెండు నలభై తొమ్మిది అని రాసింది. ‘అంతకుముందు ఏం జరిగింది’ అన్న గడిలో, ‘బ్లాస్టింగ్. గ్లాసు పడింది’ అని రాసింది. ‘ఏం చేశాను’ అన్న గడిలో, ‘కొట్టాను’ అని రాసి, తండ్రికి సంతకం పెట్టమని ఇచ్చింది. షిఫ్టు పుస్తకంలో టింబర్‌మన్ సంతకం ఉండాలి. జకర్యా పెట్టాడు.